తొంభై రోజుల చుట్టాలు

దుప్పట్ల కుప్ప విప్పుతుంటే
ఒక్కోసారి చెవి ఒకటి చేతికి తగులుతది.
పట్టి గుంజితే ఏనుగు.

మస్కట్‌ల, హోటలు కింద, లాండ్రీ.
ఆవిరి తప్ప వేరే వాతావరణం లేదు.
పదకొండేండ్ల సంది ఇక్కడ్నే
పిల్లలు నిద్రల వదిలేసినవన్నీ
దుప్పట్లతోని జారి నా దగ్గరికొస్తయి.

మెడకు చీటీ కట్టాలె: తేదీ, గది నంబరు.
ఇనుప బీరువల తొంభై రోజులు.
ఎవ్వరూ అడగకపోతే ఆ తర్వాత ఏమైతదో
సూపర్‌వైజర్ నిలాంతి చెప్పదు,
నేను అడగ.

ఈ శుక్రవారం బీరువల నలుగురు.
నాలుగు వందల పన్నెండు ఏనుగు, ఎడమ చెవి నా కుట్టు.
మూడు వందల ఆరు కుందేలు, కడుపుల గింజలు గలగల.
ముద్దులకు ముక్కు అరిగిపోయిన ఎలుగుబంటి,
దానికి ఎనభై ఏడు రోజులు నిండినయి.
ఇంక తాబేలు,
డ్రయర్ల తిరిగి తిరిగి రెండు కండ్లూ రాల్చుకున్నది.

రిజిస్టర్ల రాసిన:
"బొమ్మలు నాలుగు, ఎండకు ఆరేయ తీసుకపోతున్న."
అబద్ధమైతే కాదు.

రియామ్ కాడ బస్సు దిగినం.
సంచి జిప్పు సగం తెరిచిన,
నలుగురూ తలలు బయటికి పెట్టిన్రు,
ఒకలి మీద ఒకలు, కిటికీ సీటు కోసం.
రాళ్ల మీద పసుపు, తెలుపు, ఎరుపు గీతలు,
అవే దారి. చెట్టు లేదు, నీడ లేదు,
కొండంతా మాడిన సర్వపిండి రంగు, పగుళ్లతో సహా.

సగం ఎక్కేసరికి నా మోకాలు మాట్లాడింది.
కుందేలు గలగలమన్నది.
"నవ్వకు," అన్న,
"నీకేం, మోసేటోడు దొరికిండు."

పైన బండ మీద కూసున్నం.
తాబేలుకు చూపు లేదు గదా, చెప్పాలె:
కింద సముద్రం. నీలం కాదు, ఇయ్యాల కొంచెం బూడిద.
రేవుల తెల్ల ఓడ ఒకటి,
ఇస్త్రీకి ముందు దుప్పటి లెక్క.
గాలి ఉప్పగుంది. అది నీకు తెలుస్తనే ఉంటది.

సద్ది విప్పిన.
చిప్స్ నలిపి చుట్టిన పరోటాలు రెండు,
ఫ్లాస్కుల కరక్ చాయ్,
రూమ్మేట్ పోశాలు ఊరి నుంచి తెచ్చిన గరిజెలు,
విమానంల సగం పొడైనయి.
ఐదు కుప్పలు పెట్టిన, ఎవరి వాటా వాళ్లది.
ఏనుగు వాటా నేను తిన్న.
కుందేలుదీ నేనే.
తాబేలును అడిగి మరీ తిన్న.
ఎలుగు వాటా మాత్రం
ఎక్కడ్నుంచి దిగిందో నల్లమేక, అడగకుండ తిన్నది.
తిని, మూతి తుడుచుకున్నట్టు
ఎలుగు మెడల చీటీ కూడ నమిలింది.

"హేయ్!" అన్న. ఉరికిన. పట్టు దొరకలే.
తేదీ పాయె, గది పాయె,
ఎనభై ఏడు రోజులూ మేక కడుపులకు పాయె.
మల్ల నవ్వొచ్చింది. బండ మీద ఒక్కన్నే,
చాయ్ ముక్కుల నుంచి వచ్చేదాక.

మత్రా దిక్కు దిగేసరికి పొద్దు వాలింది.
రాత్రి కొత్త చీటీ రాసిన.
తేదీ: ఈ దినానిదే.
దొరికిన చోటు: కొండ మీద.

శనివారం మెయిల్ వచ్చిందట,
నాలుగు వందల పన్నెండుకు ఇల్లు దొరికింది.
అట్టపెట్టెల పెట్టేటప్పుడు చూసిన:
కుడికాలు మడమకు దుమ్ము, చిప్స్ నూనె, వేలెడు మరక.
నా పని మరకలు తీసుడు.
టేపు వేసేసిన.

పొద్దుగూకంగ నిలాంతి రిజిస్టర్ తిప్పింది,
ఆ లైను కాడ వేలు ఆగింది.
"ముగ్గురే మిగిలిన్రా?" అన్నది హిందీల.
"ముగ్గురే."
"వచ్చే శుక్రవారం నాకూ సెలవే," అన్నది.
కొక్కిస్ చేసి తెస్తదట.
ఫోన్ల బొమ్మ చూపించింది.
ఏం లేదు, మన గులాబిపువ్వులే.